ఏకాంబరం డాక్టరు రిజిస్టరులో ఒక మాట

మొన్న పొద్దున పదిన్నరప్పుడు మా కౌంటరు ముందు నిలబడ్డ ఒకామె అద్దం కింది సందులోంచి ఆధార్ కార్డు లోపలికి తోసింది. కార్డుతోపాటు వాసన కూడా లోపలికి వచ్చింది. బాగా పండిన తోతాపురి తొక్కల వాసన, దాని అడుగున కాస్టిక్ సోడా ఘాటు. ఆ రెండూ కలిసిన వాసన మా చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళ చేతుల దగ్గర తప్ప ఇంకెక్కడా రాదు. జూన్‌లో పట్టుకున్న వాసన ఎంత రుద్దినా ఆగస్టు దాకా వదలదు. నేను తిరుపతిలో ఒక పెద్దాసుపత్రి రికార్డుల సెక్షన్‌లో పనిచేస్తాను, వచ్చే ఏడాది రిటైరవుతాను. నా పక్కన కొత్తగా చేరిన అమ్మాయి కంప్యూటరులో ఆమె పేరు, వయసు, ఊరు కొట్టింది. వృత్తి అనేచోట ఆమెను అడగకుండానే ఒక మీట నొక్కింది. ‘గృహిణి’ అని పడింది. “అడగలేదేమ్మా?” అన్నాను. “ఆడవాళ్ళకి అదే వస్తుంది మేడమ్, మార్చాలంటే మళ్ళీ మొదటికి పోవాలి” అంది. నేను ఆ పిల్లను గట్టిగా కోప్పడాల్సింది. కోప్పడటానికి నాకు నోరు రాలేదు. ఆ పిల్ల బద్ధకం కొద్దీ చేసింది. నేను ఒకప్పుడు అదే పని తెలిసి చేశాను.

ఇది చెప్పాలంటే డాక్టర్ ఏకాంబరం గురించి చెప్పాలి. మీలో ఎవరూ ఆయన పేరు విని ఉండరు. నగరి దగ్గర మగ్గం నేసేవాళ్ళ ఇంట్లో పుట్టి, తిరుపతిలో డాక్టరు చదువు చదివి, పాకాల రైల్వే స్టేషనుకు ఎదురుగా రెండు గదుల క్లినిక్కు పెట్టుకున్న మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల పైకి మడిచే ఉండేవి. మామూలుగా మాట్లాడితే తెలుగులో నాలుగు తమిళం మాటలు కలిసేవి, కోపం వస్తే తమిళంలో నాలుగు తెలుగు మాటలు కలిసేవి. నలభై దాటాక ఎర్రజెండా పట్టాడు. రెండుసార్లు అసెంబ్లీకి నిలబడి ఓడిపోయాడు, మధ్యలో ఒకసారి జెడ్పీటీసీగా గెలిచాడు. బంగారంలాంటి ప్రాక్టీసు చేజేతులా పాడుచేసుకున్నాడని ఊళ్ళో పెద్దమనుషులు అనేవాళ్ళు. ఆయన చేతి మందుతో బతికి బట్టకట్టిన వాళ్ళు కూడా ఆ మాటే అనేవాళ్ళు, కాకపోతే కాస్త బాధపడుతూ అనేవాళ్ళు.

డిగ్రీ అయిపోయి రెండేళ్ళు ఊరికే ఉన్నాక నేను ఆయన దగ్గర చీటీలు రాసే పనికి చేరాను. ఇంటర్వ్యూ అంటే ఒక కాగితం నా ముందుకు తోసి నీ పేరు రాయమన్నాడు. సుగుణ అని రాశాను. “అక్షరాలు గుండ్రంగా ఉండాయి. రేపట్నుంచి రా” అన్నాడు. మరుసటి రోజు పొద్దున ఒక పెద్ద రిజిస్టరు నా బల్లమీద పెట్టాడు. అందులో వరసగా గడులు గీసి ఉన్నాయి. పేరు, వయసు, ఊరు, పని, బాధ. చీటీలోనూ అదే వరస, రిజిస్టరులోనూ అదే వరస. అంతా తెలుగే. “సూడు సుగుణా, ఏం బాధ అని ముందు అడగొద్దు. దాన్ని చెప్పేదానికే వాళ్ళు వచ్చినారు, నువ్వు అడగకపోయినా చెప్తారు. ఏం పని చేస్తావని అడుగు. అది ఎవురూ చెప్పరు” అన్నాడు. అప్పట్లో నాకు ఇదేదో చాదస్తం అనిపించింది.

వారం తిరక్కుండానే దాని సంగతి తెలిసింది. కళ్ళు మంటలని ఒకాయన వచ్చాడు. పని ఏమిటంటే వ్యవసాయం అన్నాడు, వ్యవసాయం అని రాసి లోపలికి పంపాను. రెండు నిమిషాల్లో డాక్టరు చీటీ పట్టుకుని బయటికి వచ్చాడు. “వ్యవసాయం అంటే ఏందమ్మా? ఆఫీసు కాగితాల్లో రాసే మాట అది. ఈయప్ప బెల్లం వండే పెనం ముందర నిలబడతాడు, మూడు నెలలుగా పొగలోనే ఉండాడు. అది రాయి” అన్నాడు. అందరి ముందూ అన్నాడు కాబట్టి నాకు తల కొట్టేసినట్టయింది. ‘వ్యవసాయం’ కొట్టేసి, ‘బెల్లం పెనం దగ్గర’ అని రాశాను. ఆ తర్వాత నేను అడగడం నేర్చుకున్నాను. రైతును ఏ పంట అనీ, ఏ మందు కొట్టావనీ, ముక్కుకు గుడ్డ కట్టుకున్నావా అనీ అడిగేదాన్ని. కాళహస్తి నుంచి వచ్చి పాకాలలో కాపురముంటున్న ఒక కలంకారీ పనివాణ్ణి రోజుకు ఎంతసేపు వంగి కూర్చుంటావని అడిగి, అదీ రాశాను. డాక్టరు చూసి “ఇప్పుడు సరిగా రాస్తా ఉండావు” అన్నప్పుడు ఆ రోజంతా నేలమీద నడవలేదు. మనిషి గురించి కనుక్కోవడం ఇంత ఇష్టంగా ఉంటుందని ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

ఇంత బాగా అందరినీ అడిగిన దాన్ని, ఆయన నన్ను అడిగినప్పుడు మాత్రం అబద్ధం చెప్పాను. చేరిన కొత్తలోనే “మీ అమ్మా నాయనా ఏం చేస్తారు?” అన్నాడు. “నాయన రైల్వేలో, అమ్మ ఇంట్లో సార్” అన్నాను. నాయన పాకాల స్టేషన్లో మూటలు మోసే కూలీ, కాబట్టి రైల్వేలో అన్నది పూర్తి అబద్ధం కాదు. అమ్మ సంగతి మాత్రం పచ్చి అబద్ధం. మా అమ్మ రాజమ్మ ప్రతి ఏడాదీ మామిడికాయల సీజను నాలుగు నెలలూ ఊరి బయట గుజ్జు ఫ్యాక్టరీకి పోయేది. మా పక్కింటి మంగమ్మక్కా, అమ్మా కలిసే పోయేవాళ్ళు. కాయలు తెచ్చే ప్లాస్టిక్ పెట్టెలనూ, గుజ్జు పట్టే తొట్లనూ కాస్టిక్ కలిపిన వేడినీళ్ళతో చేత్తో రుద్ది కడగడం వాళ్ళ పని. సీజను మొదట్లో కాయల సొన తగిలి వేళ్ళు నల్లబడేవి, తర్వాత ఆ నీళ్ళకు తోలు లేచిపోయేది. మా ఇంట్లో చింతపండు పిసికేదాన్నీ, ఊరగాయ కలిపేదాన్నీ నేనే. అమ్మ ఉప్పు కూడా చెంచాతోనే వేసేది.

దీనిలో సిగ్గుపడాల్సింది ఏముందని మీరు అడగవచ్చు. ఇప్పుడు నేనూ అడుగుతాను. డిగ్రీ చదివేటప్పుడు తిరుపతిలో హాస్టల్లో మూడేళ్ళు ఉన్నాను. నా గదిలో ఉండే ఆండాళు వాళ్ళది గుళ్ళో కైంకర్యం చేసే కుటుంబం. వాళ్ళమ్మ వచ్చినప్పుడల్లా పులిహోర తెచ్చి నాకూ పెట్టేది, “మీ అమ్మగారు ఏం చేస్తారమ్మా?” అని ఎంతో మర్యాదగా అడిగేది. ఆ మర్యాదకు ఎదురుగా జ్యూస్ ఫ్యాక్టరీ అనే మాట నా నోట్లోంచి రాలేదు. మా వైపు ‘ఫ్యాక్టరీకి పోయే మనిషి’ అంటే ఒక రకంగా చూసేవాళ్ళు, మేస్త్రీ నోటికీ లారీ డ్రైవర్ల నోటికీ జడవని ఆడది అని. అమ్మ అలాంటిది కాదని చెప్పడం కన్నా అసలు పోదని చెప్పడం నాకు సులువైంది. ఆండాళు ఒక్కసారి కూడా నన్ను తక్కువగా చూడలేదు. నేనే నన్ను తక్కువ చేసుకుని, ఆ నేరం ఆ పిల్ల మీద వేశాను.

ఆండాళు ఒకరోజు వాళ్ళ నాయనతో కాట్పాడి పోతూ పాకాలలో దిగింది. రైలుకు రెండు గంటల టైముందని నన్ను చూడటానికి క్లినిక్కుకు వచ్చింది. నా బల్ల మీద మోచేతులు ఆనించి, నేను రాసేది వేడుకగా చూస్తూ కబుర్లు చెబుతోంది. జనం వరసలో వస్తున్నారు. నేను తల ఎత్తకుండానే “పేరు?” అన్నాను. “రాజమ్మ” అని వినబడింది. తల ఎత్తితే మా అమ్మ. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నిలబడి ఉంది. క్లినిక్కుకు వస్తానని ఇంట్లో చెప్పలేదు, నొప్పి ఓర్చుకోలేక వచ్చినట్టుంది. ఆ క్షణంలో నేను “అమ్మా, నువ్వా” అని లేవాలి. లేవలేదు. వయసు అడిగాను, ఊరు అడిగాను. “ఏం పని చేస్తావమ్మా?” అని కూడా, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషిని అడిగినట్టు అడిగాను. అమ్మ నన్ను చూసింది. నా బల్ల మీద వాలి ఉన్న ఆండాళును చూసింది. “ఇంటి పనేనమ్మా” అంది. నన్ను ‘అమ్మా’ అని, దారిన పోయేవాళ్ళు పిలిచినట్టు పిలిచింది. నేను పని అనే గడిలో ‘ఇంటి పని’ అని గుండ్రంగా రాసి, చీటీ చేతికిచ్చాను. కొంగులోంచి చెయ్యి బయటికి తీయకుండా గుడ్డతోనే పట్టుకుని లోపలికి పోయింది.

ఆ రోజు ఇంటికి పోయాక డాక్టరు ఇచ్చిన మలాం అమ్మ చేతులకు పూశాను, అంతే. మళ్ళీ ఏడాది సీజనులో అమ్మ వచ్చినప్పుడు పాత వరస చూసి ‘ఇంటి పని’ అని ఎక్కించాను. ఆ పైయేడూ అంతే. మొదటిసారి ఆండాళు ఉంది కాబట్టి రాశాను. తర్వాత ఎవరూ లేరు. దిద్దితే ముందు రాసింది ఎందుకు తప్పని డాక్టరు అడుగుతాడు, నేను చెప్పాలి. అది తప్పించుకోవడానికి ఏడు సీజన్లు ఏడుసార్లు అదే మాట రాశాను. అబద్ధం ఒకసారి ఆడటానికే కష్టం, తర్వాత చెయ్యి దానంతట అదే రాస్తుంది.

ఈలోగా డాక్టరు మారిపోతున్నాడు. మూడో సీజను అయ్యాక ఒకరోజు రిజిస్టరు ముందేసుకుని, ఆ గుజ్జు ఫ్యాక్టరీ పేరున్న వరసలన్నిటి పక్కనా ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టాడు. ఒకే ఊరు కాదు, ఒకే వయసు కాదు, ఒకే పని. చేతుల తోలు పోవడం, దగ్గు, గొంతులో మంట. మరుసటి రోజు ఆ రిజిస్టరు చంకలో పెట్టుకుని ఫ్యాక్టరీకి పోయాడు. చేతికి తొడుగులు ఇవ్వండి, ఆ కడిగేది మిషనుతో చేయించండి అని చెబుదామని. మేనేజరు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, పోయేటప్పుడు ఒక డబ్బా గుజ్జు కానుకగా చేతిలో పెట్టాడట. తిరిగి వచ్చి ఆ డబ్బాను నా బల్లమీద పెట్టి చాలాసేపు దాన్నే చూశాడు. “నేను మలాం రాసిస్తాను. వాళ్ళు పూసుకుంటారు. పొద్దున లేచి మళ్ళా ఆ నీళ్ళలోనే చెయ్యి పెడతారు. నేను చేసేది ఏం వైద్యం సుగుణా?” అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు. ఆ ఏడాదే ఫ్యాక్టరీ గేటు ముందు ఆడవాళ్ళు కూర్చుంటే ఆయనా పోయి వాళ్ళతో కూర్చున్నాడు. ఎర్రజెండా వాళ్ళు వచ్చారు, ఈయన మళ్ళీ వాళ్ళ పక్కనుంచి లేవలేదు.

పార్టీలో చేరినా డాక్టరు డాక్టరే. మొదటిసారి అసెంబ్లీకి నిలబడ్డప్పుడు ప్రచారానికి నేనూ పోయాను. ఊళ్ళోకి అడుగుపెట్టగానే ఓటు సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ముసలవ్వలు నాలుకలు చాపేవాళ్ళు, మగవాళ్ళు చొక్కా ఎత్తి పొట్ట చూపించేవాళ్ళు. ఆయన జెండా పక్కవాళ్ళ చేతికిచ్చి నాడి పట్టుకునేవాడు. పార్టీ పెద్దాయన ఒకరు విసుక్కుని, “కామ్రేడ్, ఇంకా పదకొండు ఊళ్ళు ఉండాయప్పా. ఓటడగతావా, మందిస్తావా?” అన్నాడు. “ఓటు యాడికీ పోదులే అప్పా. ఈ అవ్వకు జొరం ఉండాది” అన్నాడు డాక్టరు. ఓటు పోయింది. డిపాజిట్ కూడా పోయింది. ఫలితాలు వచ్చిన పొద్దున క్లినిక్కు తెరిచి, “ఎంతమంది ఉండారు బయట?” అని మామూలుగా అడిగాడు. ముప్పై మంది ఉన్నారు. వాళ్ళలో ఎంతమంది ఆయనకు ఓటేశారో లెక్కకట్టుకుని నేను ఉడికిపోతుంటే, ఆయన నవ్వి లోపలికి పోయాడు.

తర్వాత జెడ్పీటీసీగా గెలిచాడు. ఆ పదవిని ఆయన ఒక్కదానికే గట్టిగా వాడాడు. ఏడో సీజనులో ఫ్యాక్టరీ వాళ్ళు చేతులు పాడైపోయాయని పద్దెనిమిది మంది ఆడవాళ్ళను పనిలోంచి తీసేశారు. అందులో మంగమ్మక్క ఉంది. మా అమ్మ అంతకు ముందు నెలే చేతకాక తనంతట తాను మానేసింది కాబట్టి ఆ లెక్కలో లేదు. వాళ్ళు అడిగినవి రెండే. ఈ జబ్బు మీ పని వల్లే వచ్చిందని ఒప్పుకోవాలి, కడిగే పని కాకుండా పొడి పని ఏదైనా ఇచ్చి మమ్మల్ని ఉంచుకోవాలి. డాక్టరు తిరగని ఆఫీసు లేదు. చివరికి చిత్తూరులో విచారణ వేశారు. ఫ్యాక్టరీ వాళ్ళు తెలివైనవాళ్ళు, సీజను కూలీలంతా మేస్త్రీ ద్వారా వచ్చినవాళ్ళే, మా పుస్తకాల్లో వాళ్ళ పేర్లే లేవన్నారు. ఆడవాళ్ళ వైపు ఉన్న సాక్ష్యం ఒక్కటే, ఏడేళ్ళ రిజిస్టరు. ఎవరు ఏ పని చేస్తూ ఏ బాధతో వచ్చారో ఏ రోజుకారోజు రాసిన పుస్తకం. “సుగుణా, నీ అచ్చరాలు కలెక్టరాఫీసులో చదవతారు పో” అని డాక్టరు సంబరంగా అన్నాడు. అప్పటికైనా అమ్మ వరస సంగతి చెప్పవచ్చు. వందల వరసల్లో ఒక్క వరసను ఎవరు చూస్తారులే అనుకున్నాను.

హాలు చిన్నది. ముందు అధికారి, ఒకవైపు ఫ్యాక్టరీ వకీలు, ఇంకోవైపు డాక్టరు, ఆయన పక్కన రిజిస్టర్లు ఒళ్ళో పెట్టుకుని నేను. వెనకాల బెంచీల మీద ఆడవాళ్ళు, వాళ్ళకు తోడుగా వచ్చిన మా అమ్మ. వకీలు చాలా నెమ్మదస్తుడు, గొంతు పెంచలేదు. రిజిస్టరంతా మెచ్చుకున్నాడు. తర్వాత కాగితం పెట్టిన ఒక పేజీ తెరిచాడు. “డాక్టరుగారూ, రాజమ్మ అని ఒకామె. ఏడేళ్ళుగా మీ దగ్గరికి వచ్చింది. ఈమె జబ్బూ, ఈ పద్దెనిమిది మంది జబ్బూ ఒకటేనా?” అన్నాడు. “ఒకటే” అన్నాడు డాక్టరు. “ఈమె పని ఏమని రాశారో కాస్త చదవండి.” డాక్టరు కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. “ఇంటి పని” అన్నాడు. “అంటే అంట్లు తోముకున్నా, గుడ్డలు ఉతుక్కున్నా ఈ జబ్బు వస్తుందన్నమాట” అన్నాడు వకీలు.

వెనక నుంచి మా అమ్మ లేచింది. “నేనూ ఆ ఫ్యాక్టరీకే పోయినాను సామీ. ఈ ఏడేండ్లూ పోయినాను” అంది. చేతులు కొంగులోంచి తీసి ముందుకు చాపింది. వకీలుకు కోపం రాలేదు, సంతోషం వేసింది. “అయితే డాక్టరుగారి రిజిస్టరు తప్పంటావా అమ్మా? ఇది తప్పయితే మిగతావి ఒప్పని మేమెట్లా నమ్మాలి? ఒప్పయితే జబ్బు ఇంటి పనివల్ల వచ్చింది. రెండిట్లో ఏదో ఒకటి చెప్పు” అన్నాడు. అమ్మకు జవాబు తెలుసు. నా వైపు మాత్రం చూడలేదు. డాక్టరూ చూడలేదు. నేను లేచి నిలబడితే చాలు. అది నేను రాసింది, ఆమె మా అమ్మ. ఆరు మాటలు. నా సంచీలో తిరుపతి ఆసుపత్రి రికార్డుల సెక్షన్‌లో చేరమని వారం కిందట వచ్చిన ఉత్తరం ఉంది. రికార్డు తప్పుగా రాసిన మనిషి అని ఈ హాల్లో తేలితే ఆ ఉద్యోగం ఏమవుతుందో? నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన అదే. దాచుకోకుండా చెబుతున్నాను, మంగమ్మక్క గురించి కాదు, అమ్మ గురించి కూడా కాదు. డాక్టరు లేచాడు. “రాసేది ఎవురైనా, ఆ గడిలో ఏం రాయాలో చెప్పేది నేను. ఆమెను నేను సరిగా అడగలేదు. తప్పు నాది” అన్నాడు. నేను రిజిస్టర్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉన్నాను.

జబ్బు పని వల్లే వచ్చిందని రుజువు కాలేదని తేల్చారు. పద్దెనిమిది మందీ చెదిరిపోయారు. కొందరు చింతపండు కొట్టే పనికి, కొందరు ఇటుక బట్టీలకు పోయారు, ఇద్దరు సూళ్లూరుపేట వైపు కంపెనీల్లో ఊడ్చే పనికి పోయారు. ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో ఎదుటి పార్టీవాళ్ళు ఆటో మైకులో, “సొంత రిజిస్టరే సరిగా రాసుకోలేనోడు మీకేం రాసిస్తాడు?” అని ఊరూరా చాటారు. డాక్టరు మళ్ళీ ఓడిపోయాడు. నేను అప్పటికి తిరుపతిలో ఫ్యాను కింద కూర్చుని వేరేవాళ్ళ రికార్డులు సర్దుతున్నాను. నాయన పోయాక అమ్మ నా దగ్గరే ఉంది. ఇరుగుపొరుగు వాళ్ళతో నేను “మా అమ్మ జ్యూస్ ఫ్యాక్టరీలో కష్టపడి నన్ను చదివించింది” అని గొప్పగా చెప్పేదాన్ని. అప్పటికి అలా చెప్పడం తేలికే, చెబితే మెచ్చుకునేవాళ్ళు కూడా. అమ్మ ఆ మాట వింటూ నవ్వేది. చిత్తూరు హాలు గురించి చచ్చిపోయేదాకా ఒక్క ముక్క అనలేదు.

అమ్మ కర్మలు అయిపోయిన మూడోరోజు మధ్యాహ్నం పాకాల పోయాను. డాక్టరుకు ఎనభై దగ్గర పడ్డాయి. పార్టీ ఆఫీసు వసారాలో చాప మీద కూర్చుని, భూతద్దం పెట్టుకుని పేపరు చదువుతున్నాడు. ఎదురుగా కూర్చుని, “సార్, ఆ గడిలో రాసింది...” అన్నాను.

“తెలుసులే” అన్నాడు.

“అమ్మను మీరు సరిగా అడగలేదని చెప్పినారే ఆ హాల్లో.”

“అడిగినాను. మొదటిరోజే అడిగినాను. ఆ చెయ్యి చూస్తే తెలీదా? యాడ పనమ్మా అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. మరి చీటీలో ఇట్లా ఉండాదే, కొట్టేసి రాయిస్తా ఉండు అన్నాను. వొద్దు సారూ అనింది. బయట రాసేది నా బిడ్డే, స్నేహితురాలి ముందర సిగ్గుపడతా ఉండాది, చిన్నతనం, తానే ఒకరోజు దిద్దుకుంటాది, అంతదాకా ఉండనీ సారూ అనింది.” పేపరు మడిచి పక్కన పెట్టాడు. “సరేనన్నాను. సీజను వచ్చినప్పుడంతా రిజిస్టరు తీసి ఆ వరస చూసేవోణ్ణి, దిద్దినావేమో అని. మీ అమ్మ కూడా అడిగేది, దిద్దిందా సారూ అని. ఏడుసార్లు అడిగింది.”

నేను తల నేలకేసి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. “నేను తప్పు నాదన్నది నిన్ను కాపాడేదానికి కాదు సుగుణా. నిజంగా నాదే. పద్దెనిమిది మంది బతుకు ఆ పుస్తకంలో ఉండాది. ఒక బిడ్డ మనసు నొచ్చుకుంటాదని దాంట్లో అబద్ధం ఉంచినాను. డాక్టరు చెయ్యకూడదు, జెండా పట్టినోడు అసలుకే చెయ్యకూడదు” అన్నాడు. భూతద్దం చేతిలోకి తీసుకుని, “నా కాడికి వచ్చి ఏడిస్తే ఏం లాభం? మంగమ్మోళ్ళకి చెప్పు” అన్నాడు. చెబుతానన్నాను. ఆయన నమ్మినట్టే తల ఊపాడు.

ఆ పైయేడు డాక్టరు పోయాడు. పాకాలలో సంతాప సభ పెట్టారు. నన్ను వేదిక మీదికి పిలిచి, డాక్టరుగారి కుడిచెయ్యి అని పరిచయం చేశారు. ఆయన దగ్గర మనుషుల్ని అడగడం నేర్చుకున్నానని చెప్పాను, బెల్లం పెనం సంగతి చెప్పాను, నాలుకలు చాపిన అవ్వల సంగతి చెప్పి అందరినీ నవ్వించాను. చప్పట్లు కొట్టారు. దిగి వస్తుంటే చివరి వరసలోంచి మంగమ్మక్క లేచి వచ్చింది. పూర్తిగా ముసలిదైపోయింది. వేళ్ళు ముడుచుకుపోయిన తన రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. చెప్పాలని నోరు తెరిచాను. ఆమే ముందు మాట్లాడింది.

“బాగా చెప్పినావు మే. మంచోడే పాపం, మాకోసం ఎంతో తిరిగినాడు. ఆ రాసుకునే కాడే తప్పు చేసినాడు, మా బతుకులు అట్లా అయిపోయినాయి” అంది.

“అవునక్కా” అన్నాను.